గుంపులో ఉన్నాడులే అనుకొన్నారు



తిరుకుటుంబ పండుగనాడు మూడేళ్ళకొకసారి మనం వినే సువిశేషం మీకు తెలిసినదే. పన్నెండేళ్ళ బాలయేసు పాస్క పండుగ తరువాత యెరూషలేములోనే ఉండిపోయాడు. మరియతల్లి, జోజప్పగారు ఆ సంగతి ఎరుగరు. తోటి యాత్రికుల గుంపులో ఉన్నాడులే అనుకొని ఒక రోజు ప్రయాణం సాగించారు (లూకా 2:41-52). ప్రసంగాలలో మనం ఈ మాట దాటి గబగబా దేవాలయంలోకి వెళ్ళిపోతాం. ఈ వారం ఆ ఒక్క రోజు ప్రయాణం దగ్గర కాసేపు ఆగుదాం. వారు బిడ్డను పట్టించుకోనివారు కారు. అంతకన్న మంచి తల్లిదండ్రులను లోకం చూడలేదు. అయినా "ఉన్నాడులే" అనుకొన్నారు.

మన ఇళ్ళలోనూ అంతే. ఫీజు కట్టాం, అన్నం తిన్నాడు, పుస్తకం ముందు కూర్చున్నాడు, ఆదివారం పూజకు వచ్చాడు. కాని ఆ బిడ్డ మనసు మన వెంట నడవడం మానేసి ఎన్నాళ్ళయిందో!

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుండి 19 ఏళ్ళ వయసువారిలో ఏడుగురికొకరు ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. వాటిలో డిప్రెషన్, అంటే మానసిక క్రుంగుబాటు, ముఖ్యమైనది. పెద్దవాళ్ళలో అది దిగులుగా కనబడితే, ఈడు పిల్లలలో చాలాసార్లు చిరాకుగా, కోపంగా కనబడుతుంది. అందుకే మనం దానికి పొగరు అని పేరు పెడతాం. రెండు వారాలకు మించి నిద్ర చెడినా, తిండి తగ్గినా, ఇష్టమైన ఆట మానేసినా, గాయక బృందానికి రానన్నా, ఊరకే తలనొప్పి, కడుపునొప్పి అంటున్నా అది పొగరు కాకపోవచ్చు.

ఇందులో ఇంటి పాత్ర ఎంత? 1978లో కెనడాలోని మక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పేరుమీద నేథన్ ఎప్‌స్టైన్ అనే మానసిక వైద్యుడు, ఆయన సహచరులు ఒక కుటుంబం ఎట్లా నడుస్తున్నదో తెలిసికోవడానికి ఆరు విషయాలు చూడమన్నారు. కష్టం వస్తే కలిసి ఆలోచిస్తారా, మాట సూటిగా చెప్పుకొంటారా, ఎవరి పని ఏదో తెలుసా, సంతోషాన్నీ దుఃఖాన్నీ బయటపెట్టనిస్తారా, ఒకరి సంగతి ఒకరికి పడుతుందా, క్రమశిక్షణ ఎట్లా ఉన్నది అన్నవి ఆ ఆరు. డాబా ఇల్లా, పూరిల్లా అన్నది అందులో లేదు, గమనించండి. ఐదవదానిలో ఒక మెలిక ఉంది. పట్టించుకోకపోవడం ఎంత కీడో, ఊపిరాడనీయకుండా పట్టించుకోవడమూ అంత కీడే. మన మధ్యతరగతి ఇళ్ళలో ఈ రెండవ జబ్బే ఎక్కువని నా అభిప్రాయం.

తమ ఇల్లు సరిగా నడవడం లేదని భావించే పిల్లలలో క్రుంగుబాటు ఎక్కువగా ఉంటుందని ఎన్నో పరిశోధనలు చూపాయి. అదే ఇంటిని గురించి తల్లిదండ్రులను అడిగితే తరచు మెరుగైన జవాబు వస్తుంది. అంటే మనం బాగున్నామనుకొనే ఇల్లు పిల్లవాడికి బాగుండకపోవచ్చు. అలాగని తప్పంతా తల్లిదండ్రులదని ఎవరూ అనడం లేదు. ఈ జబ్బుకు వంశపారంపర్యం, బడి, స్నేహాలు, ఎన్నో కారణాలున్నాయి. బిడ్డ క్రుంగితే ఇల్లు కూడా క్రుంగుతుంది.

హాస్టలులో ఇంటరు చదివే పిల్లను చూడటానికి తల్లిదండ్రులు పులిహోర, కోడికూర కట్టుకొని తెల్లవారుజామున బస్సెక్కి వెళతారు. ఎంత ప్రేమ! గేటు దగ్గర అడిగే మొదటి మాట మాత్రం "మొన్నటి టెస్టులో ఎన్నొచ్చాయి?" అని. పిల్ల చెప్పదలచుకొన్నది అక్కడే గొంతులో ఆగిపోతుంది. తల్లి కువైటులో, పిల్లలు అమ్మమ్మ దగ్గర ఉన్న కుటుంబాలు గోదావరి జిల్లాలలో ఎన్నో. ఆ తల్లి కూడా ఫోనులో అదే అడుగుతుంది. ఇక తండ్రి తాగి వచ్చే ఇంటి సంగతి చెప్పనక్కరలేదు. ఆ ఇంట్లో పిల్లలు మాటలు కాదు, అడుగుల చప్పుడు వింటారు.

కుటుంబ జపంలోనూ ఒక దోషం దొర్లుతుంది. జపమాల అయ్యాక తల్లి కన్నీళ్ళతో "ప్రభువా, మా వాడికి బుద్ధి ప్రసాదించు, వాడి బద్ధకం పోగొట్టు" అంటుంది. వాడు పక్కనే మోకాళ్ళపై ఉన్నాడు. అది దేవునికి చెప్పినట్టా, వాడిని తిట్టినట్టా?

మరియతల్లి ఏం చేశారో చూడండి. మూడు రోజులకు బిడ్డ కనబడ్డాక ఎందుకిలా చేశావని అడిగారు, నాన్నా నేనూ ఎంత తల్లడిల్లిపోయామో చెప్పారు. ఆయన జవాబు వారిద్దరికీ అర్థం కాలేదని లూకా గారు దాచకుండా వ్రాశారు. అర్థం కానిదాన్ని ఆ తల్లి కొట్టిపారేయలేదు, మనసులో పదిలపరచుకొన్నారు.

"విశ్వాసం ఉంటే దిగులేమిటి?" అని పిల్లలను గద్దించేవారు ఏలీయా ప్రవక్తను గుర్తుచేసికోవాలి (1 రాజులు 19). అంతటి ప్రవక్త ఎడారిలో ఒక చెట్టు క్రింద కూలబడి, నా ప్రాణం తీసికోమని దేవుణ్ణి అడిగాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్ళు ఇచ్చాడు. ఏలీయా తిని మళ్ళీ పడుకొంటే పడుకోనిచ్చి, రెండవసారి తట్టి తినమన్నాడు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటరు ఫలితాలు వచ్చిన తరువాత కొద్దిరోజులలోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణం తీసికొన్నారు. అటువంటి బిడ్డను పోగొట్టుకొన్న ఇల్లు మీ విచారణలో ఉంటే, వారి ఎదుట నరకం మాట ఎత్తకండి. తీవ్రమైన మానసిక బాధ ఆ మనిషి బాధ్యతను తగ్గిస్తుందని, వారి రక్షణ విషయంలో మనం నిరాశపడరాదని, శ్రీసభ వారికోసం ప్రార్థిస్తుందని 1992 నాటి సత్యోపదేశ గ్రంథం బోధిస్తున్నది (2282, 2283).

బిడ్డ "నేను లేకపోతే మీకు బాగుంటుంది" వంటి మాట అంటే నవ్వి ఊరుకోవద్దు. "చనిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని మెల్లగా, సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అది నిజం కాదు. ఒంటరిగా వదలవద్దు. పొలం పురుగుమందులు, ఇంట్లోని మాత్రలు తాళంలో పెట్టండి. మానసిక వైద్యుని దగ్గరకు తీసికొని వెళ్ళండి. చక్కెర జబ్బుకు వైద్యుని దగ్గరకు వెళ్ళడంలో లేని సిగ్గు దీనికెందుకు? కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. ఈ ఏడు పరీక్ష వ్రాయలేనని బిడ్డ అంటే వచ్చే ఏడు వ్రాయనివ్వండి. బంధువులు అడిగితే ఒంట్లో బాగాలేదని చెప్పండి, అది అబద్ధం కాదు.