బొమ్మ ఎవరిది?

బేతాళుడు ప్రతి కథ చివర విక్రమార్కుని ఒక ప్రశ్న అడుగును. తెలిసియు చెప్పకున్న తల పగులును. చెప్పినచో మౌనభంగమై శవము మరల చెట్టెక్కును. అట్టి ప్రశ్న యొకటి మమ్ము చాలకాలముగా వదలకున్నది. భుజముపై శవము, చేత కత్తితో శ్మశానమున నడచు ఆ విక్రమార్కుని రూపము ఎవరి సొత్తు? కథ చెప్పినవారిదా, బొమ్మ గీసినవారిదా, జీతమిచ్చి గీయించినవారిదా?

ఆ రూపమును మనకిచ్చినవారు శంకర్ గారు. పూర్తి పేరు కె. సి. శివశంకరన్. 1924లో ధారాపురము చేరువ నొక పల్లెలో జన్మించి, మద్రాసు చిత్రకళాశాలలో చదివి, కలైమగళ్ పత్రికలో కొంతకాలము పనిచేసి, 1950ల తొలినాళ్లలో చందమామలో చేరిరి. నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 1947 జూలైలో తెలుగున చందమామగాను, తమిళమున అంబులిమామగాను ప్రారంభించిన పత్రిక యది. పిమ్మట మఱికొన్ని భాషలకు వ్యాపించెను. అక్షరములు మాఱెడివి గాని బొమ్మ అదియే. ఇంట తెలుగు, బడిలో తమిళము గల మనవంటివారికి ఇది చిన్న సంగతి కాదు. మన మంసాపురములో పిల్లవాడు అంబులిమామ విప్పి తమిళమున చదివెడివాడు. ప్రక్కనున్న అవ్వ ఆ బొమ్మనే చూచి తెలుగున కథ చెప్పెడిది. తమిళదేశమున పుట్టిన చేయి గీసిన విక్రమార్కుడు మన తెలుగు విక్రమార్కుడైనాడు.

అమెరికాలో సూపర్‌మాన్ అను మహాబలుని తొలుత గీసిన జో షుస్టరు కథ వేఱు. 1938లో అతడును, కథకుడు జెర్రీ సీగెలును ఆ వీరునిపై హక్కులన్నియు 130 డాలర్లకు అమ్ముకొనిరి. వీరుడు కోట్లార్జించెను, షుస్టరు చూపు మందగించి పేదఱికమున పడెను. 1947లో దావా వేసినను ఆ పాత్ర వారికి దక్కలేదు. పుస్తకములనుండి పేర్లును పోయినవి. లోకమంతయు ఎఱిగి సిగ్గుపడిన పిమ్మట, 1975లో గాని కంపెనీ ఏటికి ఒక్కొక్కరికి 20,000 డాలర్లును, పేర్ల ముద్రణను ఒప్పుకొనలేదు.

శంకర్ గారు ఇంచుమించు అరువదేండ్లు ఒకే పత్రికకు గీసిరి. వారికి అట్టి అన్యాయము జరిగెనని మేమనజాలము. అయినను ప్రశ్న నిలిచియే యున్నది. గుడులు చెక్కిన శిల్పులలో పెక్కుమంది పేరు చెక్కుకొనలేదు గదా యని ఒక మిత్రుడు వాదించెను. గుడి అమ్ముడుపోదు, బొమ్మ నెలనెల అమ్ముడుపోయినది. కచేరీలో గుమాస్తాలుగా మేము వ్రాసిన ఉత్తరములపై సంతకము వేఱొకరిది. దానికి మేము వగవలేదు. ఉత్తరము దొరతనము పని. కాని ముప్పదేండ్లలో ఏ పిల్లవాడును మా ఉత్తరము చూచి నిద్ర మఱవలేదు! జీతముతో చేతిపని కొనవచ్చును, హక్కును కొనవచ్చును. గీసినది ఫలానావాడు కాదనుటకు మాత్రము ఎంత సొమ్మును చాలదని మా తలంపు.

ఇంత వ్రాయు మేమును నిర్దోషులము కాము. చిన్ననాటినుండి ఆ బొమ్మను చూచితిమి. గీసినదెవరని 2020 సెప్టెంబరులో వారి మరణవార్త చదువువఱకు అడిగినవారము కాము. మఱుసటియేడు ప్రభుత్వము పద్మశ్రీ ప్రకటించినది. అందుకొనుటకు వారు లేరు. మొన్న మనుమనికి పాత సంచిక చూపితిమి. చూచుటతోడనే, “విక్రమార్కుడు!” అనెను. గీసినదెవరో చెప్పుమనగా పుట తిరుగవేసి, వెనుక అట్టపై వెదుకసాగెను.