ఊ కొట్టేవాళ్ళు, ఊలు లెక్కపెట్టేవాళ్ళు

చప్పట్లన్నీ నిజమేనా అని మీకెప్పుడైనా అనుమానం వచ్చిందా? నాకు మొన్న వచ్చింది.

బెజవాడలో ఉపన్యాసాలు నేర్చుకునే క్లబ్బులో చేరాను. ఇలాంటివాటిలో పేరుమోసిన టోస్ట్‌మాస్టర్స్ 1924లో అమెరికాలోని శాంటా ఆనాలో పుట్టింది. ఆడవాళ్ళకి సభ్యత్వం తలుపు తీసింది మాత్రం 1973లో! అక్కడి పద్ధతే మా క్లబ్బులోనూ: కొత్తవాళ్ళు నాలుగు నుంచి ఆరు నిమిషాలు తమ గురించి చెప్పుకోవాలి.

వంటింట్లో గంటలకొద్దీ మాట్లాడేదాన్ని, లేచి నిలబడేసరికి నోరు పిడచకట్టుకుపోయింది. చేతిలో కాగితం వణికింది. అయినా అందరూ చప్పట్లు కొట్టారు. "ఎంత బాగా మాట్లాడారండీ!" అన్నారు. బాగులేనిదాన్ని బాగుందనడం మర్యాదా, అబద్ధమా?

మాటల మధ్య 'ఆ', 'ఊ'లు లెక్కపెట్టడం ఆ రోజు ఒక పెద్దావిడ వంతు. "పదిహేడుసార్లు ఊ అన్నావమ్మా. బందరు కాలవలో ఈత నేర్చుకున్న సంగతి చెప్పినప్పుడు మాత్రం ఒక్కటీ లేదు. కాగితం వంకైనా చూడలేదు," అంది.

మొదట మనసు చివుక్కుమంది. ఆటోలో ఇంటికొస్తూ ఆలోచించాను. చప్పట్లు అబద్ధం కాదు, అవి లేచి నిలబడినందుకు. కానీ మెచ్చుకోవడానికి వినక్కర్లేదు. తప్పు చెప్పాలంటే మాత్రం విని తీరాలి. ఇన్నేళ్ళుగా ఇంట్లో నా మాటలకి ఊ కొట్టినవాళ్ళే గాని, నా ఊలు లెక్కపెట్టినవాళ్ళేరీ?

ఆ రాత్రి అమ్మాయి కాలేజీ కబుర్లు మొదలెట్టింది. అలవాటుగా ఊ అనబోయి, స్టవ్ ఆపేసి వచ్చి దాని పక్కన కూచున్నాను.