గట్టునంటిన సుడి

కలహము పుట్టినపుడు మొదట కారకుడెవరని విచారించుట లోకమున పరిపాటి. మొదటి కారణము నశించిన పిదపను కలహము నిలిచియున్నచో దోషమెవరిది? ఈ ప్రశ్నకు మన తుంగభద్ర కాలువలో కొంత సమాధానము కలదు.

నీరు వదలిన దినములలో కాలువను పరికింపుడు. గట్టును తాకిన నీరు కదలదు. కొంచెమవతలి నీరు వడిగా సాగును. ఈ వేగభేదమే అలజడికి ఆహారము. ప్రవాహము వెంట సాగు సన్నని సుడులు గట్టు చెంతనున్న మెల్లని నీటిని పైకెత్తును. ఆ నీరు చారలుగా ఏర్పడును. చారలు వంకరలు పోయి చెదరును. ఆ చెదరుటలోనే మరల సుడులు పుట్టును. సుడి చారను, చార సుడిని కనుచుండును. తూము కడ కలిగిన మొదటి కుదుపు ఏనాడో అణగినను అలజడి అణగదు. ఇట్టి చారలను 1967లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున క్లైన్ బృందము నీటిలో సన్నని బుడగలు విడిచి చూపెను. ఈ చక్రమును 1995లో హామిల్టన్, కిమ్, వాలెఫ్ అనువారు కంప్యూటరు గణనలతో వివరించిరి.

1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమున చేరగా, బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరెను. నాడు వాదించిన పెద్దలు గతించిరి. అయినను ఒకరి మాట వేరొకరి అనుమానమును, ఆ అనుమానము మరియొక మాటను కనుట మనమెరుగుదుము. "ముందు వారే అనిరి" అని ఇరువురును అందురు. ఇరువురును నిజమే పలుకుదురు. చక్రమునకు మొదలెక్కడ?

అట్లయిన దోషులే లేరా యని కొందరడుగవచ్చును. నీటిబొట్టునకు స్వేచ్ఛ లేదు, మనుష్యునకు కలదు. గట్టును పడగొట్టనక్కర కూడ లేదు. రొద్దం నరసింహ, కె. ఆర్. శ్రీనివాసన్ గార్లు 1973లో ప్రకటించిన పరిశోధనమున, ప్రవాహము మిక్కిలి త్వరితముగా వేగము పుంజుకొన్నచో గోడ చెంతనే అలజడి అణగి ప్రవాహము మరల తిన్నబడుటను వివరించిరి. గోడ యథాస్థానముననే యున్నది. చక్రము మాత్రము తెగినది. మనకు అట్టి వేగమునిచ్చునది ఉమ్మడి కార్యము. బళ్ళారి రాఘవగారు తెలుగునను కన్నడమునను నటించి అట్టి కార్యమునే చేసిరి.

అన్యాయమును సహింపుడని మేమనుట లేదు. బిడ్డలకు తెలుగు చదువు కావలెనని అడుగవలసినదే. హక్కునడుగుట వేరు, పాత నిష్ఠురమును బిడ్డలకు అప్పగించుట వేరు. మొదట అన్నవానిది దోషము కావచ్చును. విన్నమాటను తనతో నిలుపగలవానిది బాధ్యత.