పదో బెడ్డు కాలేయం

కనిగిరి పల్లెల నుంచి ఒంగోలుకో గుంటూరుకో వెళ్లి నర్సింగులో చేరే ఆడపిల్లకు సహానుభూతి గురించి పాఠం చెప్పబోతే నాకు నవ్వొస్తుంది. ఆ పాఠం ఆమె పళ్ల మీదే ఉంది. పొదిలి, కనిగిరి ఇంకా నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, ఫ్లోరైడు నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయిన అక్కడి మనుషుల గురించి షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు రాశారు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తర్వాతెప్పుడో వచ్చింది. ఆ లెక్క తెలియకపోయినా మా వైపు పిల్లలకు గారపళ్లు తెలుసు. నడుం వంగిన అవ్వను మంచం మీద నుంచి లేపాలంటే ఎక్కడ చెయ్యి వేయాలో, ఎక్కడ వేస్తే కేక పెడుతుందో తెలుసు.

అలాంటి పిల్ల మూడేళ్ల జీఎన్‌ఎం నర్సింగు కోర్సు ముగిసేసరికి "కదలకు, చెబితే అర్థం కాదా?" అని ముసలామెను కసురుకుంటుంది. చదువుకుని పొగరెక్కిందంటాం మనం. నేను ఆ మాట నమ్మను.

లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రిలో నర్సులను దగ్గరగా గమనించి, ఇసాబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలు 1960లో ఒక వ్యాసం ప్రచురించింది. అక్కడ రోగికి పేరు ఉండదు, "పదో బెడ్డు కాలేయం" ఉంటుంది. ఒక్క మనిషి దగ్గరే ఎక్కువసేపు నిలవకుండా పనిని ముక్కలు చేసి పంచుతారు. ఒకరు టెంపరేచర్లు చూసుకుంటూ పోతే, ఇంకొకరు మందులు ఇచ్చుకుంటూ పోతారు. విద్యార్థిని ఒక వార్డుకు అలవాటు పడేలోపే ఇంకో వార్డుకు మారుస్తారు. చావు, చీము, ఏడుపు తాకకుండా ఆసుపత్రి కట్టుకున్న గోడ అదని మెంజీస్ తేల్చింది. అయినా భయం తగ్గలేదు. చేరినవాళ్లలో సుమారు మూడోవంతు శిక్షణ పూర్తికాకుండానే వెళ్లిపోయేవారు. దయగలవాళ్లను ఏరి చేర్చుకుని, ఆ దయను ఎక్కడా వాడనివ్వని ఏర్పాటు అది. అరవై ఏళ్లు దాటినా మన వార్డుల్లో "నాలుగో బెడ్డు సెలైన్ అయిపోయింది" అన్న కేక వింటూనే ఉన్నాం.

కనిగిరి పిల్లకు ఇంకో చిక్కుంది. బెడ్డు మీద ఉన్నది పరాయి మనిషి కాదు, తన అవ్వలాంటిదే. అదే యాస, అవే మోకాళ్లు. జర్మన్ శాస్త్రవేత్త తానియా సింగర్ పరిశోధనలు ఇక్కడ పనికొస్తాయి. ఎదుటివారి నొప్పిని మనమూ పడటం ఒకటి, వారి మేలు కోరుతూ పక్కన నిలబడటం మరొకటి. మెదడులో వీటి దారులు వేరు. మొదటిది మనిషిని అలసిపోయేలా చేస్తుంది, రెండోది నిలబెడుతుంది, దాన్ని సాధనతో పెంచుకోవచ్చు. ఈ పిల్లకు మొదటిది పుట్టుకతో వచ్చింది. రెండోది ఎవరూ నేర్పలేదు. అందుకే మొదటి ఏడాది హాస్టల్ బాత్‌రూములో ఏడుస్తుంది, మూడో ఏడాదికి తలుపు మూసేసుకుంటుంది. మనకు వినిపించే కసురు ఆ తలుపు చప్పుడే.

దీనికి మందుగా ఇప్పుడు భావోద్వేగ ప్రజ్ఞ అని సెమినార్లు పెడుతున్నారు. 1990లో సాలొవే, మేయర్ అనే మనస్తత్వవేత్తలు ఆ ఆలోచనకు రూపమిచ్చినప్పుడు తన మనసును, ఎదుటివాళ్ల మనసును చదవగలగడం గురించి చెప్పారు. 1995లో గోల్‌మన్ అనే రచయిత పుస్తకం దాన్ని ప్రపంచమంతా తిప్పింది. మన సెమినార్ హాలుకు చేరేసరికి అది "కోపం మింగు, నవ్వుతూ ఉండు"గా మిగిలింది. రాత్రి డ్యూటీ దిగి, కేర్ ప్లాన్ల రికార్డు రాసుకుంటూ, ఫీజు రీయింబర్స్‌మెంటు ఎప్పుడు పడుతుందోనని లెక్కలు వేసుకునే పిల్లకు ఇది ఇంకో హోంవర్కు. తప్పు ఏర్పాటుది, దిద్దుబాటు మాత్రం పిల్ల నెత్తిన!

ఏర్పాటునే దిద్దే దారి ఒకటుంది. బోస్టన్‌లో కెన్నెత్ ష్వార్ట్జ్ అనే న్యాయవాది 1995లో క్యాన్సర్‌తో చనిపోయాడు. తనను చూసుకున్నవాళ్ల ఆప్యాయత గురించి పోయే ముందు ఆయన రాశాడు. ఆయన పేరిట మొదలైన సమావేశాల్లో డాక్టర్లు, నర్సులు కూర్చుని కేసు గురించి కాక, ఆ కేసు తమను ఏం చేసిందో మాట్లాడుకుంటారు. దానికి కొత్త భవనం అక్కర్లేదు.

నర్సింగ్ ట్యూటర్లకు నాదొక్క విన్నపం. వారానికి ఒకరోజు డ్యూటీ దిగాక అరగంట పిల్లల్ని కూర్చోబెట్టండి. మార్కులు వద్దు, హాజరుపట్టీ వద్దు, ఏ బెడ్డు దగ్గర ఏమనిపించిందో చెప్పనివ్వండి. ఆ అరగంటను డ్యూటీ చార్టులోనే రాయండి. వీలు చూసుకుని పెడదామంటే మన ఆసుపత్రుల్లో ఆ వీలు ఎప్పటికీ దొరకదు.