కోపగృహంలో కెమేరా

ఫ్రెంచి భాషలో బూద్వార్ అనే మాట వుంది. అలగడం అనే అర్థమిచ్చే క్రియ నుంచి అది పుట్టింది. సంపన్నుల యిళ్లలో స్త్రీ ఒంటరిగా వుండటానికి, అలిగితే పోయి కూచోటానికి యేర్పడిన గదికి ఆ పేరు. మనకీ గది కొత్తది కాదు. కైక పోయి పడుకున్నది యిక్కడే. సత్యభామ చేరినదీ యిక్కడే. బయట యెంతటి ప్రభువైనా యీ గుమ్మం దగ్గర బతిమాలుకోవలసిందే. ఆస్తిలో పాలు లేని, పెండ్లిలో మాట చెల్లని స్త్రీకి, కాదనటానికి వ్యవస్థ వదిలిపెట్టిన కాస్త చోటు యిది.

నేడు బూద్వార్ ఫొటోగ్రఫీ అంటే పడకగదిలో అరకొర దుస్తులతో స్త్రీ తీయించుకునే చిత్రాలు. వీటిని తన కోసమే తీయించుకుని తన పెట్టెలోనే దాచుకునేవాళ్లున్నారు. జబ్బు నుంచి లేచాక తన శరీరం మీద తనకు తిరిగి మమకారం కలగడానికి తీయించుకునేవాళ్లున్నారు. అందులో నాకు దోషం కనిపించదు. నా ప్రశ్న వేరు. కాదనే గది చూపించే గదిగా మారినప్పుడు, తలుపు గడియ యెవరి చేతిలో వుంది?

వయోజనుల కోసం తయారయ్యే విజువల్ నావెళ్లు ఈ ప్రశ్నను బాగా బయటపెడతాయి. విజువల్ నావెల్ అంటే కంప్యూటర్ తెర మీద బొమ్మలతో, సంభాషణలతో సాగే కథ. జపానులో పెరిగిన ప్రక్రియ. మధ్య మధ్య కథ ఆగి, యిప్పుడేం చేస్తావని పాఠకుణ్ణి అడుగుతుంది. రెన్‌పై అనే ఉచిత సాధనం 2004లో వెలువడ్డాక, పెద్ద పెట్టుబడి లేకుండా ఒకరిద్దరు కూచుని వీటిని తయారు చేయగలుగుతున్నారు. ఫొటోల చుట్టూ అల్లిన ఆటల్లో తరచు కనిపించే పథకం యిది: ఆడేవాడు ఫొటోగ్రాఫరు. యెదుట ఒక యువతి. ఆమె నమ్మకానికి ఒక అంకె వుంటుంది. తగిన పొగడ్త యెంచుకుంటే పెరుగుతుంది, తొందరపడితే తగ్గుతుంది. అంకె యింతకు చేరితే పైట తొలగుతుంది, అంతకు చేరితే మరొకటి. తీసిన బొమ్మలు ఆల్బంలో చేరతాయి. నిండని గళ్లు నల్లగా కనిపిస్తూ, నీ పని యింకా పూర్తి కాలేదని గుర్తుచేస్తూ వుంటాయి.

యిది బూతు, నిషేధించాలి అంటారు కొందరు. నిషేధం యెవరి మీద పడుతుందో మనకు అనుభవమే. ముద్దుపళని ‘రాధికాసాంత్వనం’ కూడా ఒక అలక కథే. స్త్రీ రాసిన ఆ కావ్యాన్ని 1910లో మరో స్త్రీ, బెంగళూరు నాగరత్నమ్మ, పరిష్కరించి ప్రకటించింది. సంస్కర్త అయిన వీరేశలింగం పంతులు గారికే ఆ కావ్యం స్త్రీ రాయదగనిదిగా తోచింది. బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1947లో గాని తొలగలేదు. 2025 జూలైలో, డబ్బు చెల్లింపుల కంపెనీల వొత్తిడి మీద, స్టీమ్ అనే ఆటల అంగడి పలు ఆటలను తీసివేసింది. యే ఆట స్త్రీని మనిషిగా చూసింది, యేది చూడలేదు అనే విచారణ ఆ కంపెనీలకు అక్కరలేదు. తమ వ్యాపారానికి మచ్చ రాకుంటే చాలు.

బొమ్మకు ప్రాణం లేదు గదా, నష్టం యెవరికి అంటారు మరికొందరు. తెర మీది యువతికి నష్టం లేదు, నిజమే. కాని ఆట నేర్పే తర్కం యేమిటో చూడండి. అక్కడ ‘కాదు’ అంటే ‘యింకా కాదు’ అని మాత్రమే అర్థం. ఆమె నిరాకరణ ఒక తాళం. తాళంచెవి యెక్కడో వుండి తీరుతుంది. ఆమె ‘సరే’ను రచయిత ముందే రాసిపెట్టాడు. మన కావ్యాల్లోనూ అలక తీరటానికే వుందని అనవచ్చు. అయితే సత్యభామ కాలితో తన్నినా కృష్ణుడు భరించాడు, పారిజాతం కోసం ఇంద్రుడితో యుద్ధానికి పోయాడు. కైక గదిలో అడుగుపెట్టిన దశరథుడు ప్రాణమే పోగొట్టుకున్నాడు. ఆ గుమ్మం దాటినవాడు ఏదో ఒకటి చెల్లించుకున్నాడు. ఆటలో ఫొటోగ్రాఫరు చెల్లించేది ఏమీ లేదు, మారేదీ లేదు.

యీ తర్కం తెర మీదనే ఆగితే నేనింత రాయను. నేనుండే రహమత్ నగర్‌కు ఫిల్మ్ నగర్ దూరం కాదు. యీ చుట్టుపక్కల, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో వేషాల కోసం వచ్చినవాళ్లు అద్దెకుంటారు. వేషం దొరక్కముందే వాళ్లు పెట్టవలసిన పెట్టుబడి ఫొటోల ఆల్బం. చీరలో కొన్ని, మోడరన్ డ్రెస్సులో కొన్ని. తర్వాత యింకేదో అడిగేవాడు తగిలితే అమ్మాయి ‘సరే’ అంటుంది. ఆ ‘సరే’లో యిష్టం యెంత, వచ్చే నెల అద్దె యెంత? ఆట దాచిపెట్టే సంగతి యిదే. ఆటలో యువతికి అద్దె లేదు, ఆకలి లేదు, వూళ్లో డబ్బు కోసం యెదురుచూసే తల్లి లేదు. అందుకే అక్కడి అంకెకు ‘నమ్మకం’ అని పేరు పెట్టగలిగారు. యిక్కడ ఆ అంకె పేరు అవసరం.

2018 ఏప్రిల్‌లో శ్రీరెడ్డి అనే నటి, పరిశ్రమలో స్త్రీలను వాడుకుంటున్నారని ఆరోపిస్తూ, ఫిల్మ్ నగర్‌లోని ఫిల్మ్ ఛాంబర్ యెదుట అర్ధనగ్నంగా కూచుంది. మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఆమెపై ఆంక్ష ప్రకటించి, రోజుల్లోనే యెత్తివేసింది. నటి శరీరాన్ని పోస్టరు మీద అమ్ముకోవటం యెరిగిన పరిశ్రమే ఆ రోజు సిగ్గుపడింది. యెంత చూపించాలి, యెప్పుడు, యెవరికి అన్నది ఆమె తానే నిర్ణయించుకోవటం మింగుడుపడలేదని నా అభిప్రాయం. మరుసటి యేడు ప్రభుత్వం కమిటీ వేసింది. దాని ఉపసంఘం 2022లో నివేదిక యిచ్చింది. దాన్ని బయటపెట్టమని 2024 ఆగస్టులో సమంత బహిరంగంగా అడగవలసి వచ్చింది.

యీ విషయంలో చట్టమే ఆట కంటే నయం. చిత్రం తీయటానికి ఒప్పుకున్నంత మాత్రాన దాన్ని యితరులకు పంచటానికి ఒప్పుకున్నట్టు కాదని, 2013లో శిక్షాస్మృతిలో చేరిన 354-సి సెక్షను స్పష్టం చేసింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను కూడా ఆ మాటే చెబుతున్నది. అంటే ఒక ‘సరే’ తరువాతి ‘సరే’కు మెట్టు కాదు. ప్రతిసారీ కొత్తగా అడగాలి, ప్రతిసారీ కాదనిపించుకోటానికి సిద్ధపడాలి.

యువ రచయితలకు యీ ప్రక్రియను వదిలేయమని నేను చెప్పను. యువతి కెమేరా మూసేయమన్న చోట నిజంగా మూసుకుని, అక్కడినుంచి కూడా కథ నడిచే ఆట రాయండి. ఆల్బంలో ఖాళీ గడి ఆడేవాడి వోటమి కానక్కరలేని కథ రాయండి. అయితే కథ వొక్కటీ చాలదు. కృష్ణానగర్ అద్దె గదిలోని అమ్మాయి కాదన్న మర్నాడు కూడా ఆమెకు పని దొరకాలి. అందుకు ముందే రాసుకున్న ఒప్పందం కావాలి, వెనక సంఘం కావాలి. అవి లేనంతకాలం ఆమె చెప్పే ‘సరే’ను అంగీకారమని పిలవటానికి మనకు హక్కు లేదు.