రక్షణము, తారణము

పఠనీయ భాగములు: మార్కు 5:25–34, లూకా 7:36–50

సూరతు నగరమునకు ఆగ్నేయ దిశను గోడాదరా అను ప్రాంతము కలదు. లింబాయత్‌కు చేరువనున్న ఆ పేటలలో మరమగ్గముల మ్రోత రేయింబవళ్లు వినబడుచుండును. తెలంగాణపు నేతపల్లెలనుండి తరలిపోయిన కుటుంబములు అనేకములు ఆ ప్రాంతమున కాపురముండి సాంచెలమీద బ్రదుకు వెళ్లదీయుచున్నవి. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున సయితము ప్రాథమిక పాఠశాలలు నడుపుటనుబట్టి ఆ నగరమున తెలుగువారి ఉనికి ఎంతటిదో గ్రహింపవచ్చును. వారిలో క్రీస్తు నెరిగినవారు కొద్దిమందియే. అయినను అట్టి యింట వేదాంత విద్యాలయములలో చర్చింపదగిన ప్రశ్న యొకటి ప్రతి సాయంకాలము ఎదురగుచుండును. అవ్వ తెలుగున ప్రార్థించును. మనుమడు గుజరాతీలో చదువుకొనును. అవ్వ తన ప్రభువును రక్షకుడా యని పిలుచును. మనుమడు గుజరాతీ బైబిలు తెరచినచో రక్షకునికి ‘తారనార్’ అనియు, రక్షణకు ‘తారణ్’ అనియు అచ్చట కనబడును. వీరిద్దరి విశ్వాసము ఒకటియేనా?

చదువరీ, ఔనని తొందరపడి పుట త్రిప్పకుము. రక్షణ యనగా కాపుదల. శత్రువు వెలుపల నున్నాడు, కోట చుట్టునున్నది, కావలివాడు మెలకువగా నున్నాడు. 121వ కీర్తన చదువునప్పుడు తెలుగు విశ్వాసి మనస్సున నిలుచు చిత్రమిదియే. తారణమనగా దాటించుట. ఎదుట ప్రవాహమున్నది, ఆవలి యొడ్డు దూరమున నున్నది, దాటించువాడు లేనియెడల మునుగుట నిశ్చయము. నిర్గమకాండము 14వ అధ్యాయము గుజరాతీ విశ్వాసి చెవికి ఎంత దగ్గరగా వినబడునో యోచింపుము. ‘తరించుట’ తెలుగువారికి తెలియని మాట కాదు. మన బైబిలులో స్థిరపడిన మాట మాత్రము రక్షణ.

ఈ రెండు భాషలకును ప్రొటెస్టెంటు సువార్త పని తొలిదినములలో ఒకే సంస్థ ద్వారా వచ్చినదని మనవారిలో పలువురెరుగరు. లండను మిషనరీ సంఘపువారైన జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ 1805లో విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడై అనువాదమునకు చేయూత నిచ్చెను. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి శ్రమఫలమైన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూరున ముద్రితమాయెను. అదే సంఘమువారు 1815లో సూరతున పని ఆరంభించిరి. అచ్చట స్కిన్నర్, ఫైవీ అను ఇరువురు గుజరాతీ అనువాదమునకు పూనుకొనిరి. పంపినవారు ఒకరే, గ్రీకు మూలము ఒకటియే. అయినను తూర్పు తీరమున ఒక మాటయు పడమటి తీరమున మరియొక మాటయు వేరూనెను.

మూలభాష నడిగినచో తగవు తీరునని కొందరు తలంతురు. అది తీరదు, మరింత లోతగును. రక్తస్రావముగల స్త్రీతో మార్కు 5:34లో ప్రభువు పలికిన మాటయు, పరిసయ్యుని యింట ఏడ్చిన స్త్రీతో లూకా 7:50లో పలికిన మాటయు గ్రీకున ఒకే క్రియాపదము. తెలుగు బైబిలు మొదటి చోట దానిని స్వస్థపరచుటగాను, రెండవ చోట రక్షించుటగాను అనువదించెను. ఆ అనువాదము తప్పు కాదు, తెలుగున మరియొక మార్గమును సులభముగా దొరకదు. అయినను దేహమునకొకటి, ఆత్మకొకటి యని మన మాటలు వేరుచేసినదానిని ఆ గ్రీకు పదము వేరుచేయలేదు. మన బోధలలో వైద్యశాల ఒకప్రక్కకును బలిపీఠము మరియొక ప్రక్కకును జరుగుటకు ఈ చీలికయు కొంత కారణమేమో!

భవసాగరము, జన్మపరంపర తలపునకు వచ్చునుగనుక తారణమను మాట అపాయకరమని అభ్యంతరము చెప్పువారు కలరు. ఆ అభ్యంతరము త్రోసివేయదగినది కాదు. కాని మచ్చలేని మాట ఏ భాషలో దొరకును? రక్షకుడను అర్థముగల ‘సోతేర్’ అను గ్రీకు బిరుదును ఐగుప్తు నేలిన మొదటి టాలమీ ధరించెను. శిష్యులు దానిని సిలువవేయబడినవానికి జెందిన నామముగా ఎత్తి చూపిరి. చైనా బైబిలు యోహాను మొదటి అధ్యాయమున వాక్యమునకు ‘తావో’ యను ప్రాచీన పదమునే వాడుచున్నది. మాట మారుమనస్సు పొందవలసియుండును, అందులకు తరములు పట్టును.

ఉత్తర థాయిలాండు రైతులకు బోధించిన జపానీయుడు కొసుకె కొయామా 1974లో వెలువరించిన గ్రంథమునకు నీటిగేదె పేరు పెట్టుట కొందరికి వింతగా తోచెను. బురదలో గేదెతో నడచువాని ప్రశ్నలు బోధకుడు ముందు వినవలెనని ఆయన భావము. ఆండ్రూ వాల్స్ అను స్కాట్లండు పండితుడు దీనికి ఒక హద్దు చూపెను: సువార్త ప్రతి సంస్కృతిలోను ఇల్లు కట్టుకొనును, ఏ సంస్కృతిలోను పూర్తిగా సుఖపడి కూర్చుండదు. ఈ రెండవ భాగమును విడిచి మొదటిదానినే పట్టుకొనువారి వేదాంతము త్వరలో స్వకులప్రశంసగా మారును. గోడాదరాలో మనుమని గుజరాతీ మాటను తక్కువచేసి మాటలాడు పెద్దలకు ఈ అపాయము తెలియవలెను. ఆ బాలుడు భాషను విడువడు, ప్రార్థననే విడుచును.

నిజమునకు తెలుగు సంఘపు పుట్టుకలోనే దాటుట యున్నది. 1876–78 కరవున ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించెను. ధాన్యము కొరకు చేరుచున్నారను అనుమానము కలుగకుండునట్లు కరవు కాలమున బాప్తిస్మములు ఆపివేసెను. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అధికులు మాదిగలు. ఊరి కావలికి వెలుపల బ్రదికినవారు వారు. కోట, కావలి అను చిత్రము వారికి ఏమి చెప్పియుండును? వారు నదిలో దిగి ఒడ్డెక్కిరి. ఎక్కిన పిమ్మట ఆ సంగతిని తమ పిల్లలకు రక్షణ యను మాటతోనే చెప్పుకొనిరి.