ఆటలో అరటిపండు

మొన్న మా అమ్మాయి కొడుకుని వెంటబెట్టుకుని అమెరికా నుంచి వచ్చింది. శంషాబాద్‌లో విమానం దిగి రెండు రోజులన్నా కాలేదు, ఎక్కడికైనా వెళ్దామని పిల్లల గొడవ. సరేనని పులిహోర, పెరుగన్నం కట్టుకుని హిమాయత్ సాగర్‌కి బయల్దేరాం. మనవడు కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతొకటి చంకన పెట్టుకొచ్చాడు. అది ఫుట్‌బాలట. చేత్తో పట్టుకుని పరిగెత్తాలట!

"మరి కాళ్ళతో పనేమిట్రా?"

"పరిగెత్తడానికి, అమ్మమ్మా!"

నాకింక నోట మాట లేదు.

కట్ట దిగువన ఖాళీ జాగాలో ఆట మొదలైంది. ఆట అంటే తోపులాటే. కాసేపటికే ఆరేళ్ళ మా మనవరాలు, మా అబ్బాయి కూతురు, మోకాలు చీరుకుపోయి ఏడుస్తూ వచ్చింది. "పోనీ, దాన్ని ఆటలో అరటిపండు చెయ్యండ్రా" అన్నాను. అమెరికా మనవడు ససేమిరా అన్నాడు. రూలు రూలేనట. మారిస్తే తొండిట.

రాత్రి వాడినే కూచోబెట్టి ఆ ఆట పుట్టుపూర్వోత్తరాలు చదివించుకున్నాను. 1869 నవంబర్ 6న రట్గర్స్, ప్రిన్స్‌టన్ కాలేజీలు ఆడినదాన్నే మొదటి ఆటగా చెప్పుకుంటారు. జట్టుకి 25 మంది. ఆ రోజు బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తనే కూడదు! తర్వాత వాల్టర్ క్యాంప్ అనే ఆయన జట్టుని 11 మందికి తగ్గించాడు. ఒక జట్టే బంతిని పట్టుక్కూచుంటోందని, 1882లో మూడు ప్రయత్నాల్లో 5 గజాలు ముందుకి పోవాలని నిబంధన పెట్టారు. దాంతో గుంపులు గుంపులుగా మీద పడడం మొదలైంది. 1905లో ఆ ఆటలో చచ్చిపోయినవాళ్ళు, పత్రికల లెక్కలో దాదాపు 18 మంది. ఆ ఏడాదే అధ్యక్షుడు రూజ్వెల్ట్ పెద్ద కాలేజీలవాళ్ళని పిలిపించి మాట్లాడాడు. 1906లో రూళ్ళు మారాయి. బంతిని ముందుకి విసరవచ్చన్నది అప్పుడొచ్చిందే. మావాడికి ప్రాణంతో సమానమైన ఆ విసురు పుట్టిందే రూలు మార్చబట్టి! అది చదివాక వాడి గొంతు కాస్త తగ్గింది.

అంతదూరం ఎందుకు, మన చెడుగుడు చూడండి. అవుటైనవాడికి మళ్ళీ ప్రాణం పోసే పద్ధతి సంజీవని. అవుటైతే ఇక అంతే అనేది గామిని. ఎవరూ బయటికి పోకుండా పాయింట్లు మాత్రం లెక్కపెట్టుకునేది అమర్. ఒక్క ఆటకి మూడు ధర్మాలు. ఏది తొండి?

నాకు తోచింది చెప్తాను. ఓడిపోయేవాడు ఆట మధ్యలో తనకోసం మారిస్తే అది తొండి. దెబ్బలు తిన్నవాళ్ళని చూసి అందరూ కూచుని మార్చుకుంటే అది ధర్మం. మార్పంతా మంచిదనీ కాదు. మేం కూచున్న ఆ చెరువు నీళ్ళు చెడకుండా, చుట్టూ 10 కిలోమీటర్ల మేర కట్టడాల మీద 1996లో ఆంక్షలు పెట్టారు. 2022లో అవి ఎత్తేస్తూ ఇంకో ఉత్తర్వు వచ్చింది. రూలు పెట్టినా తీసినా, ఎవరికోసం అని అడగాలి కదా!

ఇంత నీతి చెప్తున్న నేనేం తక్కువదాన్ని కాదు. మా అత్తగారి హయాంలో మగవాళ్ళ భోజనాలయ్యాకే ఆడవాళ్ళకి అన్నం. ముప్ఫయ్యేళ్ళు నోరెత్తకుండా ఆకలి ఓర్చుకున్నాను. ఆవిడ పోయాక కోడలికీ అదే రూలు పెట్టాను. నేను పడలేదా, తనూ పడుతుంది అనుకున్నాను. నెల తప్పిన పిల్ల, ఓ మధ్యాహ్నం వంటింట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. అప్పుడు మారింది మా ఇంటి రూలు. ఆ కడుపులో ఉన్నదే మొన్న మోకాలు చీరుకుపోయిన ఈ పిల్ల.

1908లో మూసీ వరద వేలమందిని పొట్టన పెట్టుకున్నాకే, మళ్ళీ అలా జరక్కుండా హిమాయత్ సాగర్ కట్టారు. 1927కి పూర్తయింది. ఊరికైనా, ఆటకైనా, వంటింటికైనా ఎవరో ఒకరు పడిపోతే తప్ప మనకి బుద్ధి రాదా?

మర్నాడు పొద్దున్నే మనవడు పాత వాయిల్ చీరొకటి కావాలన్నాడు. పీలికలు చింపి అందరి నడుములకీ దోపాడు. ఇక ఒకరినొకరు పడెయ్యక్కర్లేదు, పీలిక లాగేస్తే చాలు. వాళ్ళ దేశంలో అలా ఆడే పద్ధతీ ఉందిట. 2028 ఒలింపిక్స్‌లో కూడా పెడుతున్నారట.

"అయితే చిన్నదాన్ని అరటిపండు చేశావన్నమాట" అన్నాను.

"లేదమ్మమ్మా, ఇప్పుడు తను లాగినా పాయింటే" అన్నాడు.

నాకు సిగ్గేసింది. నేను దాన్ని ఆటలో ఉంచాలనుకున్నాను గానీ, లెక్కలో ఉంచాలనుకోలేదు. ఇన్నేళ్ళూ మన ఇళ్ళల్లో మనం ఉన్నదీ అలాగే కదూ?